హుకుంపురి జైలు

హుకుంపురి దేశంలో పూలమ్మే మల్లిని జైల్లో పెట్టి పదకొండు నెలలైంది. తిరుచానూరులో పూలమ్ముకునే కుప్పమ్మ ఈ లెక్కను వేళ్ళ కణుపుల మీద వేసి చూపించి, "ఇంకా ఎన్నాళ్ళు పెడతారు పంకజమ్మా ఆ బిడ్డను లోపల?" అని పంకజాక్షిని అడిగింది.

హుకుంపురి భూగోళం మీద ఎక్కడా లేదు. అది బొమ్మల పుస్తకాల్లోని దేశం. 1981 ఫిబ్రవరి నుంచి తిరుపతిలో దొరస్వామి అచ్చాఫీసు నెలకొకటి చొప్పున 'హుకుంపురి కథలు' వేస్తూ వస్తోంది. ఇరవైనాలుగు పేజీలు, రంగుల అట్ట. కొండకు వచ్చిన యాత్రికులు తిరుగు ప్రయాణంలో బస్టాండు దగ్గర పిల్లలకని కొనేవాళ్ళు. బస్సు కదలగానే పిల్లల చేతుల్లోంచి లాక్కుని పెద్దవాళ్ళే ముందు చదివేసేవాళ్ళు.

బొమ్మలు వేసేది చిత్తూరులో ఒక మిషన్ బడి డ్రాయింగు మేస్టరు, ప్రేమానందం. కథా ఆయనదే. గీత గీస్తే మనిషి కాగితంలోంచి లేచి వచ్చేట్టుండేవాడు గానీ, ఆయన చేతిరాత మాత్రం ఆయనకు తప్ప ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. అందుకని ఆయన బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర ఖాళీ బుడగలు గీసి, మాటల్ని వేరే కాగితం మీద రాసి పంపేవాడు. ఆ మాటల్ని ముత్యాల్లాంటి అక్షరాలతో బుడగల్లోకి ఎక్కించేది పంకజాక్షి. పెళ్ళి శుభలేఖల మీద ఆమె రాసిన పేర్లు చూసి దొరస్వామి ఆమెకు ఆ పని అప్పగించాడు. ఆమె మొగుడు సుబ్రమణ్యం చిత్తూరు-తిరుపతి బస్సులో కండక్టరు. బొమ్మల కట్ట చిత్తూరులో అతని చేతికి వచ్చేది, సాయంత్రానికి ఇల్లు చేరేది. ఏడాది పైగా కలిసి పనిచేస్తున్నా పంకజాక్షీ, ప్రేమానందమూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

హుకుంపురిని ఏలేవాడి పేరు హుకుందారు. పక్కపాపిడి, రొమ్ము నిండా ముప్ఫై రెండు పతకాలు, నేలను తాకే కత్తి. ఆ దేశంలో మధ్యాహ్నం దాకా ఎవరూ నవ్వకూడదు. నడిచేవాళ్ళు ఎడమకాలే ముందు వేయాలి. కాకులు కూడా అరిచే ముందు అనుమతి తీసుకోవాలని ఒక హుకుం. మూడో పుస్తకంలో మల్లి పొద్దున్నే పూలు కడుతూ ఏదో గుర్తొచ్చి నవ్వింది. అంతే, భటులు వచ్చి గంపతో సహా ఎత్తుకుపోయారు.

కుప్పమ్మ పంకజాక్షి ఇంటి అరుగు మీద కూర్చుని పూలు కడుతుంది. అమ్మవారి గుడికి పోయే దారి అది. చదువు రాదు. ప్రతి నెలా కొత్త పుస్తకం రాగానే పంకజాక్షి మధ్యాహ్నం పూట ఆమెకు చదివి వినిపించేది. తనలాంటి పూలమనిషిని జైల్లో పెట్టారని విన్న రోజు కుప్పమ్మ చేతిలో దారం తెగిపోయింది. అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ప్రశ్న అదే, మల్లి బయటికి వచ్చిందా లేదా అని.

మల్లి రాలేదు సరిగదా, ఆమె వెనకాల ఇంకా చాలామంది లోపలికి పోయారు. ప్రేమానందం పుస్తకానికి అయిదారుగురికి తక్కువ కాకుండా జైలుకు పంపేవాడు. కుప్పమ్మ అడిగిన రోజు పంకజాక్షి పాత పుస్తకాలన్నీ ముందేసుకుని లెక్క చూసింది. పద్నాలుగు పుస్తకాల్లో తొంభై ముగ్గురు ఖైదీలు. ఒక్కడంటే ఒక్కడు విడుదల కాలేదు. ఇంతమందికి శిక్షలు తన చేత్తోనే రాసిందన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసివచ్చి మనసు చివుక్కుమంది.

మల్లిని ఇక వదిలిపెడితే బాగుంటుందని, పాఠకులు అడుగుతున్నారని మర్యాదగా ఒక చీటీ రాసి సుబ్రమణ్యంతో పంపింది. రెండు రోజులకు జవాబు వచ్చింది. ఆ కోడికెలుకుడును ఇప్పటికి చదవడం అలవాటైంది గనక ఒక్క గుక్కలో చదివేసింది. 'ఇంకా సమయం రాలేదు' అని మూడే మాటలు.

తర్వాతి నెల కట్ట వచ్చింది. ఈసారి కొత్త ఖైదీలు లేరు, పాతవాళ్ళకే శిక్షలు పెరిగాయి. పదకొండో పేజీలో మల్లి కటకటాల వెనక నిలబడి ఉంది. ఎదురుగా కావలివాడు. వాడి బుడగలో రాయమని ప్రేమానందం ఇచ్చిన మాట, 'నీ శిక్షను ఇంకో వందేళ్ళు పెంచారు.'

పంకజాక్షి పాళీని ఇండియన్ ఇంకులో ముంచి చాలాసేపు పట్టుకుంది. బయట అరుగు మీద కుప్పమ్మ ఎవరితోనో మూర కొలత దగ్గర వాదులాడుతోంది. ఇంకు బొట్టు కాగితం మీద పడబోతే గబుక్కున చెయ్యి కదిలింది. కదిలిన చెయ్యి ఆగలేదు. 'వచ్చే నెలలో నిన్ను ఇడిసిపెడతారంట. గుట్టుగా ఉండు' అని రాసేసింది. చెరపడానికి వీలుకాని ఇంకు. పైగా చెరపాలని ఆమెకు అనిపించనూ లేదు. మరునాడు కట్ట తీసుకుపోయి దొరస్వామికి ఇచ్చింది. ఆయన చూసుకోలేదు. పేజీలు మద్రాసుకు పోయి అచ్చు వేసే బ్లాకులై వచ్చాయి, పుస్తకం అచ్చయింది.

చదివి వినిపించిన రోజు కుప్పమ్మ ఆ పేజీని మూడుసార్లు చదివించుకుంది. కావలివాడు నమ్మకస్తుడేనా అని అడిగింది. వాడి ముఖం వేలితో తడిమి, మంచివాడేనని తనే తేల్చింది. ఆపైన మూరన్నర కనకాంబరాలు పంకజాక్షి జడలో తురిమి, వీధి పొడవునా ఉన్న పూలవాళ్ళందరికీ మల్లి వచ్చే నెల ఇంటికొస్తోందని చెప్పి వచ్చింది. దొరస్వామి అచ్చాఫీసుకు అదివరకు నెలకు పదో పదిహేనో ఉత్తరాలొచ్చేవి. ఆ నెల గోనెసంచిలో పోసుకునేన్ని వచ్చాయి. నగరి నుంచి మగ్గం నేసేవాళ్ళు పదకొండుమంది కలిసి ఒకే కార్డు మీద సంతకాలు పెట్టి, మల్లితోబాటు ఎనిమిదో పుస్తకంలో జైలుకు పోయిన సాలె ఆయన్ని కూడా వదలమని కోరారు.

ఆ శనివారం మధ్యాహ్నం సుబ్రమణ్యం బస్సులో ప్రేమానందం దిగాడు. దారి పొడవునా ముందు సీట్లో కూర్చుని, నెలనెలా తన కట్టలు మోసే కండక్టరుతో ఒక్క మాటా మాట్లాడలేదట.

బొమ్మల్లో అంత పెద్ద కత్తులు గీసే మనిషి ఆజానుబాహుడై ఉంటాడని పంకజాక్షి అనుకునేది. వచ్చినాయన సన్నగా, పొట్టిగా ఉన్నాడు. చంకలో గొడుగు, చేతిలో ఆ నెల పుస్తకం. ఆమె మంచినీళ్ళిస్తే తాగి, చెంబు కింద పెట్టి, పదకొండో పేజీ తెరిచి ఆమె ముందుంచాడు. గొంతు పెంచకుండానే కోపంగా మాట్లాడాడు. తను రాయని మాట తన కావలివాడి నోట్లోకి ఎలా వచ్చిందని అడిగాడు. పంకజాక్షి దాచలేదు, తానే రాశానని ఒప్పుకుంది. అడక్కుండా రాయడం తప్పేనని కూడా అంది.

"హుకుందారు చెప్పింది జరక్కపోతే ఆ దేశమెట్ల నిలబడతాదమ్మా?" అన్నాడు ప్రేమానందం.

"నిలబడకపోతే పోనీండి సార్. అది పడేది చూడాలనే గదా అందరూ కొనుక్కుంటా ఉండేది."

ఆయన గొడుగును ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి మార్చుకున్నాడు. కాసేపటికి ఆ కోపం దానంతటదే దిగిపోయి, అసలు సంగతి బయటికొచ్చింది. ఆరో పుస్తకం నుంచే ఆయన హుకుందారును పడగొట్టాలని చూస్తున్నాడు. ఒకసారి తిరుగుబాటు గీశాడు. కత్తులు, మంటలు, తెగిన చేతులు. చిన్నపిల్లలు చూసే పుస్తకంలో ఇంత నెత్తురెందుకని తనే చింపేశాడు. ఇంకోసారి వేరే దేశం రాజును దండెత్తించాడు. వాడు గెలిస్తే వాడే ఇంకో హుకుందారవుతాడేమోనని భయమేసి, వాణ్ణి పడవలోనే వెనక్కి పంపించాడు. ఏం చెయ్యాలో తోచని ప్రతి నెలా ఇంకో అయిదుగుర్ని జైల్లో పెట్టి పేజీలు నింపుతున్నాడు.

"నేను ఇట్లాంటోడు పడిపోయేది కండ్లతో చూసింటే గీసేవాణ్ణి" అన్నాడు. "మా హెడ్మాస్టరు పక్కపాపిడి దువ్వుకోని పదేండ్లుగా అదే కుర్చీలో ఉండాడు. ఆయనెట్ల దిగుతాడో నాకు తెలిస్తే గదా."

హుకుందారు పక్కపాపిడి ఎక్కడిదో పంకజాక్షికి అప్పుడు అర్థమైంది. నవ్వొచ్చింది గానీ మనిషి బాధపడుతున్నాడని ఆపుకుంది.

కిటికీ అవతల అరుగు మీద దారం లాగుతున్న చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. కుప్పమ్మ అంతా వింటోంది. ఆమె లేచి గుమ్మంలోకి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. బొమ్మల మేస్టరును చూసి కొంచెం జంకింది కూడా. అయినా మనసులో ఉన్న మాట అడక్కుండా ఉండలేకపోయింది.

"అంతమందినీ లోపలేసినాడే సామీ. మరి ఆయప్పకు సంగటి ఎవురు గెలికి పెడతాండారు?"

ప్రేమానందం ఆమె వైపు చూశాడు. పంకజాక్షి చప్పున లేచి పాత పుస్తకాల దొంతర తెచ్చి నేల మీద పరిచింది. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. వంటవాడు చెంగయ్య అయిదో పుస్తకంలోనే జైలుకు పోయాడు, హుకుందారు రుచి చూడకముందే ఉప్పు వేశాడని. మంగలి రెండో పుస్తకంలో. చాకలి ఏడులో. దీపాలు వెలిగించేవాడు, నీళ్ళు మోసే ఆవిడ, చెప్పులు కుట్టే తాత, అందరూ లోపలే. తొమ్మిదో పుస్తకంలో దండోరా వేసేవాడు హుకుం చదువుతూ దగ్గాడని వాణ్ణీ లోపలేశారు.

"అయితే పదో పుస్తకం నించి ఈన ఇచ్చే హుకుములు ఊళ్ళో ఎవరికీ తెలిసే ఉండవు సార్" అంది పంకజాక్షి.

ముందు ప్రేమానందం భుజాలు కదిలాయి. తర్వాత గొడుగు జారి కింద పడింది. ఆయన నవ్వితే చప్పుడు రాదు, కళ్ళలో నీళ్ళే వస్తాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియక కుప్పమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తను అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదని గుర్తు చేసింది. అప్పుడాయన కళ్ళు తుడుచుకుని, గోడకున్న క్యాలెండరులో అయిపోయిన నెలల కాగితాలు ఇమ్మన్నాడు. వాటి వెనక తెల్లటి వైపు పెన్సిలుతో గీయడం మొదలుపెట్టాడు.

సుబ్రమణ్యం చిత్తూరుకు తిరుగు ట్రిప్పు వేళకు వచ్చి పిలిస్తే, ఇంకో బస్సులో వస్తానని పంపేశాడు. పంకజాక్షి ఉప్మా చేసి పెడితే బొమ్మ వేస్తూనే తిన్నాడు. జైలు గోడ ఎంత ఎత్తుండాలి, లోపల పొయ్యి ఎక్కడ పెట్టాలి, తొంభై ముగ్గురికీ సంగటి చేయాలంటే తెడ్డు ఎంత పొడుగుండాలి అని కుప్పమ్మను అడిగి అడిగి గీశాడు. చెరువు పనుల దగ్గర వందమందికి వండిన మనిషి గనక కుప్పమ్మ అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. పోయేటప్పుడు ప్రేమానందం మాటల కాగితం ఇవ్వలేదు. ఈ పుస్తకానికి మాటలు పంకజాక్షినే రాయమన్నాడు. హుకుంపురి జనం ఇన్నాళ్ళూ పాఠ్యపుస్తకంలా మాట్లాడారు, ఇప్పుడైనా మనుషుల్లా మాట్లాడనివ్వమన్నాడు.

దొరస్వామికి ఈ సంగతి నచ్చలేదు. ఇంతగా అమ్ముడయ్యే దేశాన్ని ఎవరైనా చేజేతులా కూలదోసుకుంటారా, ఇంకో రెండేళ్ళు లాగొచ్చు గదా అని అచ్చాఫీసులో అటూ ఇటూ తిరిగాడు. పంకజాక్షి వాదించలేదు. పేజీలు బల్ల మీద పెట్టి, చదివి చెప్పమంది. ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టి, ఆరో పేజీ దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పదిహేనో పేజీకి వచ్చేసరికి నవ్వాపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. అక్షరాలు పేర్చే కంపోజిటరు గురప్ప ఏమైందోనని పరుగున వస్తే, అతనికీ చూపించాడు. ఇద్దరూ కలిసి మళ్ళీ మొదటి నుంచి చదివారు. బ్లాకులకు పేజీలు ఆ సాయంత్రమే మద్రాసు రైలెక్కాయి.

మే నెలలో పదహారో పుస్తకం వచ్చింది. తిరుచానూరు వీధిలో మధ్యాహ్నం పూట బేరాలుండవు. పంకజాక్షి అరుగు మీద ఆ రోజు పదిహేనుమంది పూలవాళ్ళు చేరారు. కుప్పమ్మ ముందు వరసలో, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పంకజాక్షి బొమ్మలు అందరికీ కనబడేట్టు పుస్తకం ఎత్తి పట్టుకుని చదివింది.

పొద్దున్నే హుకుందారు లేచి కాఫీ అని కేకేస్తాడు. కేక గోడలకు తగిలి తిరిగొస్తుంది. వంటింట్లో పిల్లి తప్ప ఎవరూ లేరు. గడ్డం పెరిగి పతకాల మీద పడుతోంది, గీసేవాడు లేడు. నా దేశమంతా ఏమైందని భటుల్ని అడిగితే, తమరే గదా దొరా లోపలేసింది అంటారు వాళ్ళు. వాళ్ళకూ మూడు రోజులుగా తిండి లేదు. గాలి జైలు వైపు నుంచి వీస్తోంది. రాగిసంగటి వాసన, వేరుశనగపప్పుతో నూరిన ఊరుబిండి వాసన. భటులు ఒక్కొక్కరే తల గోక్కుంటూ ఆ వైపు జారుకుంటారు. చివరికి హుకుందారు ఒక్కడే కత్తి ఈడ్చుకుంటూ ఖాళీ వీధుల్లో నడుస్తాడు. ఏ కాలు ముందు వేశాడో చూసేవాడు కూడా లేడు.

జైలు కిటికీలో మల్లి కూర్చుని పూలు కడుతూ ఉంటుంది. తలుపు తెరవమని హుకుందారు గర్జిస్తాడు.

"తాళంచెవి నీ మొలలోనే ఉండాది గదా దొరా" అంటుంది మల్లి.

అరుగు మీద నవ్వులు మొదలయ్యాయి. పంకజాక్షి కాసేపాగి మళ్ళీ చదివింది. హుకుందారు తన చేత్తో తానే తలుపు తీసి లోపలికి పోతాడు. లోపల మంగలి గడ్డాలు గీస్తున్నాడు, డప్పు వాయించేవాడు వాయిస్తున్నాడు, పంక్తిలో అందరూ భోజనాలకు కూర్చున్నారు. తనకొక ఆకు వేయమంటాడు. నాలుగు ముద్దలు తిని, ఎన్నాళ్ళ తర్వాతో కడుపు నిండేసరికి గోడకు ఆనుకుని గురకపెడతాడు. తొంభై ముగ్గురూ, వాళ్ళ వెనక భటులూ, తెడ్లూ తపేళాలూ నెత్తిన పెట్టుకుని మునివేళ్ళ మీద బయటికి నడుస్తారు. ఆ బొమ్మను ప్రేమానందం రెండు పేజీలకు పరిచి గీశాడు. ఒక్కొక్క ముఖం వేరు. అందరి వెనకా మల్లి వచ్చి, నాలుగు ముద్దలు మూతపెట్టి హుకుందారు పక్కన ఉంచి, తలుపు చప్పుడు కాకుండా మూసి, దానికే వేలాడుతున్న తాళంచెవితో తాళం వేస్తుంది. బయట ఇంకా పొద్దు నెత్తిమీదికి రాలేదు. అయినా అందరూ నవ్వుతూ ఉంటారు.

పుస్తకం మూశాక మిగతావాళ్ళు తొడల మీద చరుచుకుని నవ్వుతుంటే కుప్పమ్మ మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత పుస్తకం అడిగి తీసుకుని, ఆ రెండు పేజీల బొమ్మలో మల్లిని వెతికి పట్టుకుంది.

"సిక్కిపోయింది" అంది. "అయినా పర్వాలేదు. నాలుగు దినాలు ఇంట్లో తింటే ఒళ్ళొస్తాది."

ఆ పుస్తకాన్ని దొరస్వామి మూడుసార్లు అచ్చు వేశాడు. ప్రేమానందం పనిచేసే బడి హెడ్మాస్టరు కూడా మనవరాలి కోసం కొన్నాడని, చదివి, ఇలాంటివాళ్ళకు ఇలాగే కావాలని సెలవుల్లో జీతాలకు వచ్చినప్పుడు స్టాఫు రూములో అందరి ముందూ అన్నాడని కబురొచ్చింది. ఆయన తన పాపిడిని గుర్తుపట్టనే లేదు. ఆ పూట మేస్టర్లందరికీ ఎక్కడ చూడాలో తెలియక అందరూ హాజరు పట్టీలు చూసుకున్నారట.

దొరస్వామికి పోయిన దేశం మీద బెంగ రెండు వారాలకే తీరింది. కొత్త పుస్తకాలకు కథ పంకజాక్షి రాయాలని, బొమ్మలు ప్రేమానందం వేయాలని, అట్ట మీద రెండు పేర్లూ ఒకే సైజులో పడతాయని చెప్పి పంపాడు. ఈ సంగతి విని సుబ్రమణ్యం ఆ వారమంతా తన బస్సెక్కిన తెలిసినవాళ్ళందరికీ చిల్లరతోబాటు ఈ వార్త కూడా ఇచ్చాడు.

జూన్ మొదట్లో ప్రేమానందం భార్య తిరుమలమ్మ పంకజాక్షి వాళ్ళను తన పుట్టింటికి రమ్మని కబురు చేసింది. బంగారుపాళ్యంలో వాళ్ళకు మామిడితోట ఉంది, కోతలు జరుగుతున్నాయి. సుబ్రమణ్యం సెలవు పెట్టాడు. కుప్పమ్మ కూడా బుట్ట తమ్ముడి పెళ్ళానికి అప్పగించి బయల్దేరింది. తోటలో చెట్టు కింద గోనెపట్టాలు పరిచి, తిరుమలమ్మ తోతాపురి కాదు, బేనీషా కాదు, ముందు ఈ చెరకురసం మామిళ్ళు తినండని ఒక్కొక్కరి ముందూ పళ్ళు కుప్పపోసింది. ఈ మధ్య ఆయన రాత్రిళ్ళు కాగితాలు చింపడం మానేశాడని, అన్నం దగ్గర కూర్చుంటే తనలో తనే నవ్వుతుంటాడని పంకజాక్షి చెవిలో చెప్పింది.

ప్రేమానందం అప్పటికే పెన్సిలు తీశాడు. కొమ్మ మీద ఒక ముసలి కోతి కూర్చుని, కోసిన కాయల్ని లెక్కపెట్టే మేస్త్రీ వైపు తీక్షణంగా చూస్తోంది. దాన్ని రెండు నిమిషాల్లో కాగితం మీదికి దించి, మూతి దగ్గర ఖాళీ బుడగ గీసి, కాగితం పంకజాక్షి వైపు జరిపాడు. ఆమె మోచేతి దాకా కారిన రసాన్ని నాలుకతో అందుకుని, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పొయ్యమని మొగుడికి చెప్పి, ఆ కోతి ఏమంటుందా అని ఆలోచించసాగింది.